రాత్రి బిస్కట్‌లో చామొమైల్, కేకులో గసగసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి తింటే నిజంగా నిద్ర పడుతుందా?

నిద్రమాత్రలా మాత్రం పనిచేయవు. ఒక కప్పు చామొమైల్ కషాయానికి 2-3 గ్రాముల ఎండుపూలు వేస్తారు. కింద చెప్పిన బిస్కట్‌లో ఒక్కోదానికి వచ్చేది పావు గ్రాము పూల సారమే, అందులోనూ వెన్న పట్టుకునేది ఎక్కువగా వాసనే. అలాగని ఆ వాసన వృథా కాదు. రోజూ ఒకే వేళకు లైట్లు తగ్గించి, ఫోను పక్కన పెట్టి, గోరువెచ్చని పాలతో అదే వాసనున్న బిస్కట్ తింటూ ఉంటే, కొన్నాళ్లకు శరీరం దాన్ని పడుకునే వేళకు గుర్తుగా పట్టుకుంటుంది.

మిగతా లాభం అందులో లేనివాటి వల్ల వస్తుంది. రాత్రి పదింటికి చాక్లెట్ కేకు తినే చోట కోకో లేని, తీపి తక్కువున్న చిన్న బిస్కట్ తింటే ఆ మార్పే సగం పని చేస్తుంది.

చామొమైల్ అంటే మన చామంతేనా?

కాదు. రెండూ ఒకే కుటుంబం మొక్కలే గానీ, దండల్లో కట్టే చామంతి వేరు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో కిలోల లెక్కన దొరికే చామంతిని తినడానికి పండించరు, దాని మీద ఏ పురుగుమందు కొట్టారో తెలియదు. వంటింట్లోకి తేకండి.

చామొమైల్‌ను యునానీ వైద్యంలో బాబూనా అంటారు. చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి మనకు ఒక సౌకర్యం ఉంది: పాతబస్తీలోని యునానీ మందుల దుకాణాల్లో "గుల్-ఎ-బాబూనా" అని అడిగితే ఎండుపూలు ఇస్తారు. ఒక పువ్వు మధ్యలోని పసుపు బుడిపెను గోటితో చీల్చి చూడండి. అసలు చామొమైల్ అయితే లోపల బోలుగా ఉంటుంది, నలిపితే యాపిల్ పండు వాసన వస్తుంది. గడ్డివాసన మాత్రమే వస్తే పాత సరుకన్నమాట. దుకాణం సరుకులో పుల్లలు, దుమ్ము ఉంటాయి కాబట్టి జల్లెడ పట్టాకే తూకం వేయండి.

టీ బ్యాగులు కూడా పనికొస్తాయి. పెట్టె మీద పదార్థాల పట్టీ చదవండి, కొన్నింట్లో గ్రీన్ టీ కలుపుతారు. నిద్ర కోసం చేసే బిస్కట్‌లో కెఫీన్ వేసుకోవడం ఏం పని?

లావెండర్ ఏది కొనాలి?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. యునానీ దుకాణంలో లావెండర్ అడిగితే "ఉస్తుఖుద్దూస్" చూపిస్తారు. అది కూడా లావెండర్ జాతిదే, కానీ కర్పూరం ఘాటు ఎక్కువ. బిస్కట్‌లో వేస్తే జలుబుమందు రుచి వస్తుంది. బేకింగ్‌కు కావాల్సింది లావండులా అంగుస్టిఫోలియా అనే రకం. మన దేశంలో జమ్మూకశ్మీర్‌లోని భదర్వా ప్రాంత రైతులు సుగంధ మొక్కల సాగును ప్రోత్సహించే సీఎస్‌ఐఆర్ అరోమా మిషన్ కింద లావెండర్ పండిస్తున్నారు. ప్యాకెట్ మీద మొక్క శాస్త్రీయ నామం, తినదగినదన్న మాట రెండూ ఉంటేనే తీసుకోండి. పాట్‌పౌరీ (గదిలో వాసనకు పెట్టే ఎండుపూల మిశ్రమం) కోసమో, బట్టల అలమారలో పెట్టడానికో అమ్మేది వద్దు. హైదరాబాద్ నర్సరీల్లో లావెండర్ పేరుతో అమ్మే కుండీ మొక్కలు కూడా చాలావరకు ఘాటు రకాలే.

గదిలో సువాసన వెదజల్లే డిఫ్యూజర్‌లో వేసే లావెండర్ నూనెను పిండిలో ఒక్క చుక్క కూడా వేయకండి. అది తినే సరుకు కాదు.

ఎంత వేయాలి?

చామొమైల్: 100 గ్రాముల వెన్నకు 4-5 గ్రాములు. పూలు తేలిక కాబట్టి ఇది మూడు టేబుల్ స్పూన్ల దాకా అవుతుంది. స్పూన్ల కన్నా చిన్న డిజిటల్ తక్కెడ నయం.

లావెండర్: 250 గ్రాముల పిండికి 1 గ్రాము, అంటే సుమారు ఒక టీస్పూన్. అంతకు మించితే సబ్బు తిన్నట్టుంటుంది. మొదటిసారి అందులో సగంతోనే చేసి చూడండి.

కుంకుమపువ్వు ఒక విడతకు 10-12 రేకులు చాలు. ఎండు గులాబీ రేకులు 3 గ్రాముల వరకు వేయొచ్చు, అంతకన్నా వేస్తే వగరు.

పూలను పొడిచేసి పిండిలో కలిపితే చేదు వస్తోంది. ఎందుకు?

పూలలోని వగరు, చేదు పదార్థాలన్నీ పొడితోపాటు పిండిలోకి వస్తాయి కాబట్టి. ఓవెన్‌లో పైకి తేలిన రేకులు పిండి కన్నా ముందే మాడి ఆ చేదును ఇంకా పెంచుతాయి. వాసననిచ్చే నూనెలు కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే పూలను వెన్నలో నానబెట్టి, వడకట్టి, వెన్నను మాత్రం వాడాలి. ఓవెన్ వేడికి గాల్లో కలిసిపోయే సువాసనను కొవ్వు కొంతవరకు ఆపుతుంది కూడా.

వెన్నలో ఎలా నానబెట్టాలి?

ఉప్పులేని వెన్న 120 గ్రాములు తీసుకోండి. పెద్ద గిన్నెలో నీళ్లు వేడిచేసి, దానిమీద చిన్న గిన్నె పెట్టి వెన్న కరిగించండి. అడుగు నీళ్లు మరగకూడదు, అంచుల్లో చిన్న బుడగలు కనిపిస్తే స్టవ్ ఆపేయండి. వెన్న 60-65 డిగ్రీల్లో ఉండాలి. థర్మామీటర్ లేకపోతే: వేలు పెడితే చురుక్కుమనాలి, వెన్న మాత్రం చిటపటలాడకూడదు. చిటపటలాడుతోందంటే వెన్నలోని నీరు ఆవిరవుతోందని అర్థం, ఆ ఆవిరితోపాటు సువాసనా పోతుంది.

5 గ్రాముల చామొమైల్ వేసి, మూతపెట్టి, 25 నిమిషాలు వదిలేయండి. మధ్యలో ఒకసారి వేడి తగ్గితే మళ్లీ స్టవ్ వెలిగించండి. పల్చటి గుడ్డలో వడకట్టి పిండండి. పూలు కొంత వెన్న తాగేస్తాయి, 105 గ్రాములకు అటూ ఇటూ మిగులుతుంది. వెన్నను 120 గ్రాములతో మొదలుపెట్టమన్నది అందుకే.

ఇంట్లో చిలికిన వెన్నయితే నీళ్లు ఎక్కువుంటాయి, బిస్కట్లు పరుచుకుపోతాయి. దానికన్నా నెయ్యి మేలు: 100 గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల నెయ్యి, 15 మి.లీ. పాలు అదనం. నెయ్యి వాసన చామొమైల్‌ను కాస్త కప్పేస్తుంది. కుంకుమపువ్వుకు, యాలకులకు మాత్రం అదే సరైన జోడీ.

ఒక మెలిక ఉంది. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన వెన్న గాలిని సరిగా పట్టుకోదు. బిస్కట్‌కు అది ఇబ్బంది కాదు, కేకు మాత్రం పొంగదు. కేకు చేసేటప్పుడు పూలను వెన్నలో కాకుండా పాలలో నానబెట్టండి.

బిస్కట్ల కొలతలు చెప్పండి.

ఉస్మానియా బిస్కట్ ధోరణిలో, కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉండేవి ఇవి. చామొమైల్‌కు ఆ ఉప్పదనం బాగా నప్పుతుంది.

చామొమైల్ వెన్న 100 గ్రాములు, పొడి చక్కెర 50, మైదా 120, వెనిలా కస్టర్డ్ పౌడర్ 20, పాలపొడి 15, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, కుంకుమపువ్వు 10 రేకులు నానిన గోరువెచ్చని పాలు 15 మి.లీ.

వెన్నను ఫ్రిజ్‌లో పెట్టి, వేలితో నొక్కితే గుంటపడేంత మెత్తగా గడ్డకట్టనివ్వండి. మధ్యలో రెండుసార్లు కలపకపోతే పాల పదార్థం అడుగున దిగిపోతుంది. చక్కెర వేసి 2-3 నిమిషాలు గిలకొట్టండి. పొడులన్నీ కలిపి జల్లించి వేయండి, పాలు చిలకరించి ముద్దగా దగ్గరకు తీయండి. చపాతీపిండిలా పిసికితే బిస్కట్ గట్టిబడుతుంది. 4 సెంటీమీటర్ల మందం రోల్‌గా చుట్టి 45 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. 7-8 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోయండి, 20 వరకు వస్తాయి. పైన పాలు పూసి, ముందే వేడిచేసిన ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) మధ్య అరలో 160 డిగ్రీల దగ్గర 16-18 నిమిషాలు. అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీయండి. అప్పటికి మెత్తగానే ఉంటాయి. ఇంకా కాలలేదనుకుని మళ్లీ లోపల పెట్టకండి, 20 నిమిషాల్లో చల్లారి కరకరలాడతాయి.

బిస్కట్లు పాడయ్యాయి. ఎక్కడ తప్పింది?

పల్చగా పరుచుకుపోతే, పిండి చల్లగా లేదు లేదా ఓవెన్ సరిగా వేడెక్కలేదు. ఓటీజీ నాబ్ చూపించే అంకెను గుడ్డిగా నమ్మకండి, 15-20 డిగ్రీలు తేడా రావడం మామూలే. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనుక్కుంటే చాలా సామాను వృథా కాకుండా ఉంటుంది. అంచు నల్లబడి మధ్య పచ్చిగా ఉంటే బిళ్లలు ఎగుడుదిగుడుగా కోశారు, లేదా ట్రే పై రాడ్‌కు బాగా దగ్గరగా ఉంది. వాసనే రాకపోతే పూలు పాతవి, లేదా వెన్న మరిగింది. గొంతులో చేదు తగిలితే వడకట్టాక పూలను మరీ గట్టిగా పిండారు, సన్నటి నూకంతా దిగింది. రెండో పొర గుడ్డ వేయండి.

ఏప్రిల్, మే నెలల్లో పిండి చేతిలోనే కరిగిపోతోంది.

ఆ రోజుల్లో పొయ్యి వెలిగించకముందే వంటిల్లు కాలిపోతుంటుంది. తెల్లవారుజామున చేయండి. గిన్నె, ట్రే కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. బిళ్లలు కోశాక ట్రేతోసహా 10 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, నేరుగా ఓవెన్‌లోకి మార్చండి.

జులై నుంచి ఇబ్బంది మరోలా వస్తుంది. వాన గాలికి గంటలో బిస్కట్ మెత్తబడుతుంది. 150 డిగ్రీల దగ్గర 5-6 నిమిషాలు మళ్లీ వేడిచేసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయండి. వెచ్చగా ఉండగా మూతపెడితే లోపలి ఆవిరే వాటిని మళ్లీ మెత్తబరుస్తుంది.

ఓవెన్ లేదు. కుక్కర్‌లో అవుతుందా?

కేకు అవుతుంది, బిస్కట్ అంత బాగా రాదు. పాత కుక్కర్‌లో ఒక గిన్నెడు రాళ్లుప్పు పరిచి, పైన స్టాండు పెట్టండి. రబ్బరు, విజిల్ తీసేయండి, నీళ్లు పోయొద్దు. మీడియం మంట మీద 10 నిమిషాలు వేడిచేసి, కేకు గిన్నె పెట్టి, సన్న మంట మీద 45 నిమిషాలు. రబ్బరు ఉంచేస్తే కాలి కంపు కొడుతుంది. ఇలా నీళ్లు లేకుండా వేడిచేసిన కుక్కర్‌ను మళ్లీ పప్పుకు వాడకపోవడం మంచిది.

గసగసాల కేకు ఎలా చేయాలి?

పాలు 100 మి.లీ. మరిగించి దించి, 2 గ్రాముల చామొమైల్ వేసి మూతపెట్టండి. 10 నిమిషాలకు వడకట్టి, ఆ వేడి పాలలోనే 30 గ్రాముల గసగసాలు అరగంట నానబెట్టండి. నానకపోతే పంటికింద ఇసుకలా తగులుతాయి.

మెత్తటి వెన్న 80 గ్రాములు, చక్కెర 100 గ్రాములు తెల్లగా నురగలా వచ్చేదాకా గిలకొట్టండి. 2 గుడ్లు ఒక్కొక్కటిగా వేయండి. మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్, చిటికెడు ఉప్పు, జాజికాయ పొడి పావు టీస్పూన్ జల్లించి, గసగసాల పాలతో మార్చి మార్చి కలపండి. ఒక నిమ్మకాయ పసుపు తొక్క మాత్రం తురిమి వేయండి, కింది తెల్లపొర చేదు. 7 అంగుళాల లోఫ్ టిన్నులో 170 డిగ్రీల దగ్గర 38-42 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

గుడ్లు తిననివాళ్లు వాటి బదులు 100 గ్రాముల గట్టి పెరుగు, పావు టీస్పూన్ వంటసోడా వేసి, గసగసాలు నానబెట్టే పాలలో 25 మి.లీ. తగ్గించుకోవాలి. కాస్త బరువుగా వస్తుంది, రుచికి లోటుండదు.

గసగసాల ధర ఎక్కువ కాబట్టి కల్తీకీ ఆశ ఎక్కువే. భూతద్దంలో చూస్తే అసలు గింజ మూత్రపిండం ఆకారంలో, వల అల్లినట్టు గీతలతో ఉంటుంది. నున్నగా గుండ్రంగా ఉన్నవి రాజ్‌గిరా (తోటకూర జాతి) గింజలు. బేగంబజార్‌లో తెచ్చినా మోండా మార్కెట్లో తెచ్చినా, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. నూనె గింజలు కాబట్టి బయట ఉంటే త్వరగా కనరెక్కుతాయి.

గసగసాలు మత్తు పదార్థమా?

నల్లమందు మొక్క గింజలే, కానీ మత్తు గింజలో కాదు, కాయ పాలలో ఉంటుంది. మసాలా కూరల్లో తరతరాలుగా వాడుతున్నాం. అయితే ఆ పాల ఆనవాళ్లు గింజ పైపొరకు అంటుకుని ఉండొచ్చు, తిన్నాక మూత్ర పరీక్షలో తేలే అవకాశం ఉంది. ఉద్యోగానికి అలాంటి పరీక్ష ఉన్నవాళ్లు ముందు కొన్ని రోజులు మానేయండి.

గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు ఈ కేకు పంపకండి. యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో గసగసాలు నిషేధం. తెలియక తీసుకెళ్లామంటే అక్కడి విమానాశ్రయంలో వినరు. చామొమైల్ బిస్కట్ పంపండి.

జాజికాయ ఎక్కువ వేస్తే నిద్ర బాగా పడుతుందట కదా?

ఆ ప్రయోగం వద్దు. మొత్తం కేకుకు పావు టీస్పూన్ దాటకూడదు. ఒకరు 5 గ్రాములు, అంటే దాదాపు ఒక కాయంత పొడి తింటే గుండెదడ, వాంతులు, నోరెండటం, భ్రమలు రావచ్చు. దానికి కారణం మిరిస్టిసిన్ అనే పదార్థం. చంటిపిల్లలకు అరగదీసి నాకించే అలవాటూ మానుకోవాల్సిందే.

అశ్వగంధ, సరస్వతి ఆకు, జటామాంసి కలపొచ్చా?

మా సలహా: వద్దు. అశ్వగంధ మట్టివాసనతో, చేదుగా ఉంటుంది. దాన్ని కప్పడానికి చక్కెర పెంచాలి. పైగా అది మందు. ఎన్ని బిస్కట్లు తిన్నారో దాన్నిబట్టి మోతాదు మారిపోతుంది. గర్భిణులు, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయ సమస్యలున్నవాళ్లు అసలే ముట్టకూడదు. సరస్వతి ఆకు కూడా చేదే. జటామాంసి హిమాలయాల్లో అంతరించిపోయే దశలో ఉన్న మొక్క, దాన్ని బిస్కట్ కోసం పీకించడం ఎందుకు? వలేరియన్ వేరు గురించి కూడా అడుగుతుంటారు. ఓవెన్‌లో పెడితే ఇల్లంతా చెమట పట్టిన సాక్సుల వాసన వస్తుంది.

సోంపు, నిమ్మగడ్డి?

రెండూ భేషుగ్గా పనికొస్తాయి. సోంపు ఒక టీస్పూన్ దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచి వేయండి. నిమ్మగడ్డి రెండు ఆకులు పాలలో మరిగించి తీసేయండి. తులసి మాత్రం వేడికి లవంగం ఘాటు తేలి, వాసన దగ్గుమందును గుర్తుచేస్తుంది.

ఎప్పుడు తినాలి? చాయ్‌తో తినొచ్చా?

పడుకోవడానికి గంటన్నర, రెండు గంటల ముందు రెండు బిస్కట్లు లేదా ఒక సన్నటి కేకుముక్క. తిని వెంటనే పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్ని ఉన్న నిద్ర కూడా పోతుంది.

చాయ్ సంగతి: ఉస్మానియా రుచి నాలుక మీద పడగానే చెయ్యి ఇరానీ చాయ్ కోసం వెతుకుతుంది, మాకూ తెలుసు. కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్‌లో సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లో ఉంటుంది. పాలతోనే తినండి.

షుగర్ ఉన్నవాళ్లు?

పై కొలతతో ఒక్కో బిస్కట్‌లో సుమారు 75 కేలరీలు, 8 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. అందులో కలిపిన చక్కెర రెండున్నర గ్రాములు. రాత్రి భోజనంలో ఆ మేరకు అన్నమో రొట్టో తగ్గించి ఒకటి తినొచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. చక్కెర 35 గ్రాములకు తగ్గించినా బిస్కట్ వస్తుంది, కాస్త గట్టిగా, తెల్లగా ఉంటుంది. మైదాలో మూడోవంతు జొన్నపిండి వేయొచ్చు. అంతకు మించితే పొడిపొడిగా రాలుతుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

వయ్యారిభామ మొక్క పడనివాళ్లు ముందుగా. ఖాళీ ప్లాట్ల నిండా పెరిగే ఆ కలుపు, చామొమైల్ ఒకే కుటుంబం. దానికి తుమ్ములు, దద్దుర్లు వచ్చేవాళ్లకు దీనికీ రావచ్చు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే తినండి. చక్కెర బదులు తేనె వేస్తే ఏడాది నిండని పిల్లలకు ఒక్క ముక్క కూడా పెట్టకండి.

వారంలో మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నా బిస్కట్ల దగ్గర ఆగకండి, డాక్టర్‌కు చూపించుకోండి.

ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి?

బిస్కట్లు గాలి చొరని డబ్బాలో రెండు వారాలు. కేకు ఎండాకాలంలో బయట ఒక్కరోజే, ఫ్రిజ్‌లో ఐదు రోజులు. చామొమైల్ వెన్న ఫ్రిజ్‌లో పది రోజులు ఉంటుంది. పక్కన ఉల్లిపాయ ముక్కలుంటే ఆ వాసన కూడా పట్టేస్తుంది, మూత గట్టిగా పెట్టండి.

ఇంట్లో చేసి అపార్ట్‌మెంట్‌లో అమ్మొచ్చా?

ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. పెట్టె మీద "నిద్రలేమి తగ్గిస్తుంది" అని రాయకండి. ఆహారం జబ్బు తగ్గిస్తుందని చెప్పడాన్ని 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. "చామొమైల్ బిస్కట్" అని రాసి, గోధుమ, పాలు ఉన్నాయని, కేకు అయితే గుడ్లు, గసగసాలు ఉన్నాయని, చేసిన తేదీతోసహా స్పష్టంగా వేయండి.